పెట్టుడు కన్ను వెలవలేదు

గడియారాల దుకాణం, ముందు బల్ల
జనవరి 9

పిన్నీ,

ఫోన్‌లో నీకు సగమే వినిపిస్తుంది. ఆ సగం కూడా నీకు నచ్చినట్టు వింటావు. అందుకే రాస్తున్నాను. నువ్వు కూడా రాయి, బద్ధకించకు.

మా యజమాని నన్ను ముందు బల్ల దగ్గరికి మార్చాడు. పదకొండేళ్ళు వెనక గదిలో గోడవైపు తిరిగి కూర్చుని, కుడి కంటికి భూతద్దం బిగించుకుని, నా మానాన నేను గడియారాలు బాగుచేసుకుంటూ ఉన్నాను. ఎవరి మొహమూ చూసే పని లేదు, ఎవరూ నా మొహం చూసే పనీ లేదు. ఇప్పుడు రోజూ యాభై మంది. గడియారం చేతికిస్తూ నా మొహంలోకి చూస్తారు. ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను, తర్వాత చప్పున గోడమీది గడియారాల వైపు తిరుగుతారు.

నీ పనితనాన్ని తప్పు పట్టడం లేదు సుమా. నువ్వు రంగులేసిన పెట్టుడు కన్నుని పక్కనే కూర్చున్నవాళ్ళు కూడా పోల్చుకోలేరు. పట్టించేది రెప్ప. ఆరేళ్ళప్పుడు సైకిల్ చువ్వ దిగినచోట వేసిన కుట్లు, వాటితోపాటు పోయిన వెంట్రుకలు. బోడి రెప్ప కింద ఎంత మంచి కన్ను పెడితే ఏం లాభం?

అందుకని చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. రెప్ప వెంట్రుకలు పెరిగే మందు రాసిచ్చింది. చిన్న సీసా, దానితోపాటు సన్నటి కుంచెలు. పడుకునే ముందు పైరెప్ప అంచు మీద ఒక్క గీత గీయాలి, అంతే. పూటకో కొత్త కుంచె. కారింది వెంటనే తుడిచేయాలి, లేకపోతే బుగ్గ మీద కూడా వెంట్రుకలు లేస్తాయట! ఫలితం తెలియడానికి రెండు నెలలు, పూర్తిగా తెలియడానికి నాలుగు. నా సంగతంతా విని, చీటీ మీద "ఎడమ రెప్పకి మాత్రమే" అని రాసి కింద రెండు గీతలు గీసింది.

నా అనుమానం ఒక్కటే. ఈ మందు తగిలి నువ్వేసిన రంగు పాడవుతుందా? జవాబు వచ్చేదాకా సీసా మూత తీయను.

నీ ముల్లు

*

పనిగది, ఉత్తరం కిటికీ పక్క
జనవరి 20

ముల్లూ,

నలుగురూ అడిగేది నాలుగు రకాలుగా ఉంటే నువ్వడిగేది అయిదో రకం. మందు గురించి ఎవరైనా "నా కంటికి ఏమన్నా అవుతుందా" అని అడుగుతారు. నువ్వు పెట్టుడు కంటికి ఏమవుతుందని అడిగావు! దానికేమీ కాదు. రంగు మీద పారదర్శకంగా దళసరి పూత ఉంది. నువ్వు దాన్ని రాయికేసి కొడితే తప్ప రంగు పోదు.

మందు సంగతి నాకు కొంచెం తెలుసు. ముప్పై రెండేళ్ళుగా కంటి ఆసుపత్రి పక్క సందులో పెట్టుడు కళ్ళు చేస్తున్నదాన్ని. ఇది మొదట కంటి లోపలి ఒత్తిడి తగ్గించడానికి వేసే చుక్కల మందు. వేసుకున్నవాళ్ళకి రెప్ప వెంట్రుకలు గుబురుగా పెరుగుతుంటే, ఇదేదో బాగుందే అని దాన్నే వెంట్రుకల మందుగా మార్చారు. పనిచేస్తుంది, అబద్ధం కాదు. కానీ వెంట్రుకల వేళ్ళు బతికున్న చోటే. కుట్లు పడ్డ చోట వేళ్ళే చచ్చాయి, అక్కడ ఎంత రాసినా రాతినేల మీద విత్తనం చల్లినట్టే. మానేస్తే కొన్ని వారాల్లో పెరిగినవన్నీ మళ్ళీ మామూలైపోతాయి.

రెండు కళ్ళున్నవాళ్ళు డాక్టరు చెప్పినట్టు వాడుకుంటే చాలామందికి దురద, ఎరుపు, రెప్ప కాస్త నల్లబడటం, అంతకుమించి ఏమీ ఉండదు. ఎడమ రెప్పకి నువ్వూ రాసుకో, నాకేం భయం లేదు. కింద చెడిపోవడానికి కన్నే లేదు కదా.

కుడి కంటి జోలికి మాత్రం వెళ్ళకు. నీది మామూలు నల్లకన్ను కాదు. తేనెరంగు, అంచున ఆకుపచ్చ జీర. మన ఇంట్లో మీ అమ్మకి ఒక్కదానికే ఉండేది, ఆమె పోయాక నీకొక్కదానికే మిగిలింది. అలాంటి రెండు రంగుల కళ్ళే ఈ మందుకి మారతాయని విన్నాను. మారితే ఇంక వెనక్కి రావు. రంగు పోతే పోయింది, లోపల ఇంకేమన్నా అయితే నీకు రెండోది లేదు. జాగ్రత్త అని ఒకసారి రాస్తే నీకు తలకెక్కదు కాబట్టి మూడుసార్లు రాస్తున్నాను: జాగ్రత్త, జాగ్రత్త, జాగ్రత్త.

పిన్ని

*

గడియారాల దుకాణం, ముందు బల్ల
ఏప్రిల్ 27

పిన్నీ,

మూడు నెలలు రాయలేదని తిట్టకు. పెళ్ళిళ్ళ రోజులు, అటక మీద పడున్న గడియారాలన్నీ మా బల్ల మీదికే వచ్చిపడ్డాయి.

నువ్వు చెప్పినట్టే అయింది. ఎడమ రెప్ప మీద లెక్కపెడితే పదిహేను వెంట్రుకలు లేచాయి. కుట్ల దగ్గర ఒక్కటీ లేదు. మధ్యలో పళ్ళూడిన దువ్వెనలా ఉంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చివరికి నవ్వాను.

అయినా ఒక మాట చెప్పాలి. ఎదురు మేడలో లిఫ్టులు బాగుచేసే ఆయన ఒకాయన ఉన్నాడు. వాళ్ళ నాన్నగారి జేబు గడియారం తెచ్చాడు. మూత తీసి చూస్తున్నంతసేపూ నన్నే చూసి, "మీ కళ్ళు చాలా బాగున్నాయండీ" అన్నాడు. నాకు ముప్పై నాలుగేళ్ళు పిన్నీ. ఈ మాట నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం గదికి వెళ్ళి అద్దం ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. ఆ గడియారం నిన్ననే అయిపోయింది. ఇంకా కాలేదని చెప్పాను, మళ్ళీ వస్తాడు కదా అని.

నీ జనవరి ఉత్తరం మళ్ళీ చదివాను. నీ అక్షరాలేమిటి, గతుకుల దారిలో బస్సులో కూర్చుని రాసినట్టున్నాయి? గుండ్రటి సున్నా గీయడంలో నిన్ను మించినవాళ్ళు లేరని అమ్మ అనేది.

నీ ముల్లు

*

పనిగది
మే 8

ముల్లూ,

పెన్ను మంచిది కాదు, అంతే.

పదిహేను వెంట్రుకలకే కళ్ళు అంత బాగైపోయాయా? అదీ పళ్ళూడిన దువ్వెనకి? లిఫ్టులాయన మర్యాదస్తుడే అయ్యుండాలి, లేకపోతే చూపు తక్కువైనా అయ్యుండాలి. ఇక్కడిదాకా వేళాకోళం.

ఇది వేళాకోళం కాదు. కుడి రెప్పకి రాయడం లేదు కదా? "లేదు" అని ఒక్క ముక్క రాసి పడెయ్యి, చాలు.

పిన్ని

*

గడియారాల దుకాణం, ముందు బల్ల
సెప్టెంబరు 14

పిన్నీ,

కోప్పడనంటే ఒక విషయం చెబుతాను. నువ్వేసిన కన్ను వెలిసిపోతోంది.

రెండు నెలలుగా చూస్తున్నాను. మొదట దీపం వెలుతురు అనుకున్నాను. తర్వాత ఫోటో తీసుకుని చూశాను. కుడి కన్ను ముదురుగా ఉంటే ఎడమది పాలిపోయినట్టుంది. మొన్న ఒకావిడ గడియారం తీసుకుంటూ, "అదేమిటమ్మా, ఒక కన్ను ఒక రంగు, ఒక కన్ను ఒక రంగు" అని మొహం మీదే అడిగేసింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ జరగలేదు. నువ్వేమో రాయికేసి కొడితే తప్ప పోదన్నావు. రంగుల కొట్టువాడు నిన్ను మోసం చేసి ఉంటాడు. పూత పగిలిందేమో కూడా చూడు.

దూదిలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి పంపుతున్నాను. త్వరగా సరిచేసి పంపు. అప్పటిదాకా పదిహేడేళ్ళప్పటిది, నువ్వు మూడోసారి చేసింది పెట్టుకుంటాను. అది ఇప్పుడు చిన్నదైపోయింది. తల ఎటు తిప్పినా అది మాత్రం తలుపువైపే చూస్తుంది. మా యజమాని అసలు ఏమీ గమనించనట్టు పాపం తెగ నటిస్తున్నాడు.

కంటి భూతద్దం కూడా కొత్తది కొన్నాను. పాతదాంట్లో కన్ను మూసి తెరిచినప్పుడల్లా వెంట్రుకలు అద్దానికి రాసుకుని మరకలు పడుతున్నాయి, గంటకోసారి తుడవాల్సి వస్తోంది. కొత్తది లోతుగా ఉంది. అయినా పనిలో ఈ మధ్య కొంచెం చికాకుగా ఉంది. వయసు కాబోలు.

లిఫ్టులాయన వారానికోసారి వస్తున్నాడు. ఆయన దగ్గర గడియారాలు అయిపోయినట్టున్నాయి, మొన్న గోడ గడియారం మేకు తెచ్చి వంగిందన్నాడు.

నీ ముల్లు

*

పనిగది, ఉత్తరం కిటికీ పక్క
సెప్టెంబరు 22

ముల్లూ,

నిన్న దుకాణానికి ఫోన్ చేసి అరిచాను. నువ్వు "ఆ, ఆ" అన్నావు. ఏం విన్నావో నాకు తెలియదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దీన్ని నిలబడి చదవకు, కూర్చో.

డబ్బా నిన్న పొద్దున అందింది. నా పని మీద అనుమానం వచ్చిందని ముందు ఒళ్ళు మండింది. కడిగి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. పూత ఎక్కడా పగల్లేదు. తర్వాత సొరుగులోంచి నీ రంగు బిళ్ళ తీశాను. నేను ఏ కన్ను చేసినా, అదే రంగులతో అదే రోజు ఒక బిళ్ళ వేసి నల్లకాగితంలో చుట్టి దాస్తాను. మళ్ళీ చేయాల్సి వచ్చినప్పుడు పోల్చుకోవడానికి. నీ బిళ్ళా నీ కన్నూ పక్కపక్కన పెట్టి పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, ఎండ వాలాక చూశాను. జీరతో సహా ఒకటే. ఆవగింజంత తేడా లేదు.

నీ పెట్టుడు కన్ను వెలవలేదే. నీ సొంత కన్ను నల్లబడింది.

అది తట్టగానే నీ ఉత్తరం మళ్ళీ తీశాను. భూతద్దానికి వెంట్రుకలు రాసుకుంటున్నాయని రాశావు. నువ్వు భూతద్దం పెట్టేది కుడి కంటికి. మే నెలలో ఒక్క ముక్క రాయమన్నాను. నువ్వు లిఫ్టు గురించి, మేకు గురించి, యజమాని గురించి రాశావు, ఆ ఒక్క ముక్క తప్ప. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసమన్నాడట ఒకడు. నువ్వు ఆ మాత్రం కూడా చెప్పలేదు.

"పనిలో చికాకు" అంటే ఏమిటి? వయసంటావేమిటి, నీకేం వయసు? కన్ను ఎర్రబడిందా, నొప్పా, మసకా? నాకు నిజం కావాలి. ఈ కళ్ళతో ఒంటికన్నువాళ్ళని ఎంతోమందిని చూశాను. ఆ మిగిలిన కన్ను కూడా పోయి వచ్చినవాళ్ళని ఇద్దరిని చూశాను. రెండో కంటికి కూడా కొలత తీయమని నా ముందు కుర్చీలో కూర్చున్నారు. నిన్ను ఆ కుర్చీలో ఊహించుకోలేను.

ఈ ఉత్తరం చేతికి అందిన క్షణం మందు ఆపెయ్యి. సీసా పారెయ్యకు, డాక్టరుకి చూపించాలి. తిట్లు తర్వాత తీరిగ్గా తిడతాను.

పిన్ని

*

నా గది
సెప్టెంబరు 27

పిన్నీ,

రాస్తున్నాను. రాసింది రెండుసార్లు చించాను.

కుడి రెప్పకి ఫిబ్రవరి చివర్లో మొదలుపెట్టాను. ఎడమ రెప్ప మీద ఏమీ రావడం లేదు. ఒకరోజు కుంచెలో కాస్త మందు మిగిలింది. వేస్టు ఎందుకులే అని కుడి రెప్ప మీద ఒక గీత గీశాను. ఒక్కసారి, చూద్దామని. మర్నాడు ఏమీ కాలేదు. ఇంకోసారి గీశాను. ఏప్రిల్‌కల్లా కుడి కన్ను ఎలా అయిందంటే, అద్దంలో చూసుకుని నేనేనా అనుకున్నాను. మందు కావలసిన రెప్పకి పనిచేయలేదు, అక్కర్లేని రెప్పకి అద్భుతంగా పనిచేసింది. అప్పుడే ఆయన ఆ మాటన్నాడు. ఇంక ఎలా మానను, నువ్వే చెప్పు. ఒకటే సీసా రెండింటికీ రావాలని కుంచెలు కూడా కడిగి మళ్ళీ వాడాను. జూన్‌లో వారం రోజులు ఎర్రబడింది, తగ్గింది. నువ్వు మేలో అడిగినప్పుడు "లేదు" అని రాయడానికి కూర్చున్నాను. నీకు అబద్ధం రాయడం నా వల్ల కాలేదు. నిజం రాయడమూ కాలేదు. అందుకని వేరేవన్నీ రాశాను.

పిన్నీ, అసలు సంగతి ఇది. మూడు వారాలుగా నాకు మధ్యలో మసకగా ఉంది.

చుట్టూ బాగానే కనిపిస్తుంది. నేను దేనివైపు చూస్తానో అదొక్కటే సరిగా ఉండదు. సెకన్ల ముల్లు తిన్నగా ఉండాలి కదా, మధ్యలో చిన్న వంపు తిరుగుతుంది. గడియారం ముల్లే వంగిందనుకుని సరిచేయబోయాను. ఇంకో గడియారం చూశాను, దానికీ వంపే. తలుపు అంచు చూశాను, దానికీ వంపు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను సరిచేసిన గడియారం ఒకటి తిరిగొచ్చింది. అందులో వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఉంటుంది. దాన్ని పట్టకారుతో నేనే నలిపేశాను, నాకు కనబడక. పదకొండేళ్ళలో నా చేతిమీదుగా ఒక్కటి తిరిగి రాలేదు. యజమాని కొత్త స్ప్రింగు తనే వేశాడు. తిడితే బాగుండేది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. పొద్దున లేవగానే కళ్ళు తెరవాలంటే భయం. తెరిచాక ఇంకేదో పోయి ఉంటుందేమోనని ముందు రెప్పల వెనక నుంచే వెలుతురు ఉందా లేదా చూసుకుంటాను. తర్వాత కాస్త, తర్వాత ఇంకాస్త. నాకు గడియారాలు తప్ప ఇంకేం వచ్చు? ఈ పనికి ఒక్క కన్నే చాలులే అని నన్ను ఇందులో పెట్టింది అమ్మ. ఆ ఒక్కటీ నా చేత్తో నేనే, నాలుగు వెంట్రుకల కోసం.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నేనే.

డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. పోయిందని చెబితే?

ముల్లు

*

పనిగది
సెప్టెంబరు 30

ముల్లూ,

ఉత్తరం అందగానే రాస్తున్నాను. వెళ్ళు. రేపు కాదు, ఇది చదవగానే. కాళ్ళు రాకపోతే ఆ లిఫ్టులాయన్ని తోడు అడుగు. జనాన్ని పైకీ కిందికీ చేర్చడమే కదా ఆయన పని. సీసా, చీటీ రెండూ పట్టుకెళ్ళు. ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు, ఏ కంటికి, అన్నీ దాచకుండా చెప్పు. వెంటనే ఆపితే చాలావరకు బాగుపడతాయని మా ఆసుపత్రి డాక్టరు అంటున్నాడు. పొద్దున్నే నీ ఉత్తరం పట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను. "చూడకుండా నేనేమీ చెప్పలేను, ఆలస్యం మాత్రం చేయొద్దు" అన్నాడు. నాకు వినపడలేదేమోనని ఆ మాట ఆయన చేతే కాగితం మీద రాయించుకున్నాను. దాన్ని ఈ ఉత్తరంతోపాటు పెడుతున్నాను.

నీ కన్ను డబ్బాలో తిరిగి పంపుతున్నాను. పాతది ఎక్కువ రోజులు పెట్టుకుంటే గుంట బిగుసుకుపోతుంది. నేను దానికి ఏమీ చేయలేదు. చేయలేను కూడా.

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను. పెన్ను తప్పేమీ లేదు. రెండేళ్ళుగా నా కుడి చెయ్యి వణుకుతోంది. కాఫీ గ్లాసు పట్టుకుంటే సగం నేల తాగుతుంది. కొత్త పనులు ఒప్పుకోవడం మానేశాను, తీరిక లేదని అందరికీ చెబుతున్నాను. నీకూ అదే చెప్పాను. డాక్టరుకి చూపించుకోలేదు. నీలాగే నాకూ, చెబితే నిజమైపోతుందని. ఎవరికి ఎవరు బుద్ధి చెప్పాలో చూడు. కాబట్టి నీ కుడి కన్ను ఏ రంగుకి వచ్చినా దానికి జోడీ వేసిచ్చే చెయ్యి ఇప్పుడు నా దగ్గర లేదు. నువ్వే వచ్చి నా పక్కన కూర్చుంటే రంగులు నేను కలిపిస్తాను, ముదురు రంగు నువ్వే వేసుకో. నీ చెయ్యి కదలదు. కానీ ముందు దానికి చూపుండాలి.

ఇంకొకటి. ఇది దాచాలని దాచలేదు, చెప్పే సందర్భం రాలేదు. నీ మొదటి కన్ను వేసినప్పుడు నీకు ఆరేళ్ళు. కుర్చీలో ఒక్క నిమిషం కుదురుగా కూర్చునేదానివి కాదు. ఏడుపు, తన్నులు. నీ కుడి కన్ను చూసి రంగు వేయడం నా తరం కాలేదు. అప్పుడు మీ అమ్మ, "నా కన్ను దాని కన్ను ఒకటే, నన్ను చూసి వెయ్యి" అని ఆ కుర్చీలో కూర్చుంది. మూడు రోజులు, ఈ కిటికీ పక్కనే. కదిలేది కాదు, మాట్లాడేది కాదు, కళ్ళ నీళ్ళు నిండితే తుడుచుకుని మళ్ళీ నావైపు తిరిగేది. అప్పుడు వేసిన రంగు బిళ్ళ చూసే తర్వాత నాలుగుసార్లూ మార్చాను. నిన్ను చూసి ఒక్కసారీ వేయలేదు.

వెళ్ళవే తల్లీ. వెళ్ళి రెండు ముక్కలు రాయి.

పిన్ని

*

కంటి ఆసుపత్రి, వరండా బెంచీ
అక్టోబరు 4

పిన్నీ,

రెండు ముక్కలు కాదు, డాక్టరు అన్నవి అన్నట్టు రాస్తున్నాను. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేశారు, అక్షరాలు వంకరగా పడితే అదీ అందుకే. ఇప్పుడు మనిద్దరి రాతా ఒకలాగే ఉంటుంది.

ఒత్తిడి బాగుంది. కంటి వెనక, సరిగ్గా చూపు పడేచోట కాస్త వాపుంది. ఆయన తిట్టలేదు. "ఈ మందు వాడేవాళ్ళలో ఇలా కావడం చాలా అరుదమ్మా. దీనివల్లేనని కచ్చితంగా చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. ఎటైనా ఇది ఆపాల్సిందే. వేరే చుక్కలు ఇస్తాను, ఆరు వారాలు చూద్దాం" అన్నాడు. "తగ్గుతుందా" అని అడిగాను. "తగ్గాలి" అన్నాడు. తగ్గుతుంది అనలేదు పిన్నీ, తగ్గాలి అన్నాడు. రంగు సంగతి అడిగితే, "అది ఉండిపోతుంది. దానివల్ల చూపుకి నష్టం లేదు" అన్నాడు.

గళ్ళ కాగితం ఒకటి ఇచ్చాడు, మధ్యలో చుక్క. రోజూ పొద్దున ఆ చుక్కవైపు చూసి గళ్ళు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. వంపు పెరిగితే పరిగెత్తుకు రమ్మన్నాడు. ఇప్పుడు చుక్కకి పైన నాలుగు గళ్ళు కుంగి ఉన్నాయి. వాటిని పెన్సిల్‌తో చుట్టాను.

యజమానికి ఇక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పాను. ఆరు వారాలు సన్నపని వద్దు, పట్టీలు, సెల్లులు మార్చు చాలు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఎడమ కంటి నుంచి కూడా నీళ్ళొస్తాయి, నీకు తెలుసుగా. ఎదురుగా ఉన్నావిడ రెండువైపులా తుడుచుకోమని రుమాలిచ్చింది.

అమ్మ సంగతి చదివాను. దాని గురించి ఇప్పుడు రాయలేను.

ముల్లు

*

పనిగది
అక్టోబరు 29

ముల్లూ,

ఇరవై అయిదు రోజులు. పోస్టు ఆయన సైకిల్ గంట నాకు వినపడదు కాబట్టి పొద్దున్నుంచి గుమ్మంలోనే కూర్చుంటున్నాను. గళ్ళు ఎలా ఉన్నాయి? మంచైనా చెడైనా రాయి. ఏమీ తెలియకుండా ఉండటం కంటే చెడు తెలియడమే నయంగా ఉంది.

పిన్ని

*

గడియారాల దుకాణం, ముందు బల్ల
నవంబరు 19

పిన్నీ,

ముందు అది చెప్పేస్తాను, నువ్వు ఊపిరి బిగబట్టి చదువుతుంటావు. వాపు తగ్గింది. నిన్న డాక్టరు రెండుసార్లు ఫోటో తీసి చూశాడు. పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది. పెన్సిల్‌తో చుట్టిన నాలుగు గళ్ళలో మూడు తిన్నబడ్డాయి. నాలుగోది ఒకరోజు తిన్నగా, ఒకరోజు వంకరగా ఉంటోంది. ఇంకో రెండు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు.

నీకు నడుమ రాయనిది మళ్ళీ దాచాలని కాదు. నాలుగో వారంలో రెండు రోజులు వంపు పెరిగినట్టు అనిపించింది. ఆ రెండు రోజులూ గదిలో కళ్ళు మూసుకుని నడవడం నేర్చుకున్నాను. మంచం నుంచి తలుపుకి ఏడు అడుగులు, తలుపు నుంచి నీళ్ళ కుండకి నాలుగు. అప్పటి భయం కాగితం మీద పెట్టి నీకు పంపడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ పొద్దున కళ్ళు ఒక్కసారిగా తెరవను. కాస్త, ఇంకాస్త.

రెప్ప వెంట్రుకలు రాలుతున్నాయి. మొన్న ఒకటి బల్ల మీద గడియారం పళ్ళెంలో పడింది. పట్టకారుతో తీసి చూశాను. దీనికోసమా అనిపించింది. పారేశాను. కుడి రెప్ప మళ్ళీ మునుపటిలా అయింది. ఎడమ రెప్ప మునుపు కూడా అంతే. రంగు మాత్రం మారలేదు. కుడి కన్ను ముదురు గోధుమ రంగు, ఆకుపచ్చ జీర కనిపించడం లేదు. అద్దంలో ఎంత వెతికినా కనిపించడం లేదు.

నీ కిటికీ పక్క కూర్చుని ముదురు రంగు వేసుకోమన్నావు. నేను వేయను పిన్నీ. నా కంట్లో ఆ రంగు పోయింది, మన ఇంట్లో ఇంకెవరికీ లేదు. అమ్మ ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ కంటి రంగు తెలియదు. మిగిలింది నువ్వేసిన బిళ్ళ, నా ఎడమ కన్ను. దాని మీద కుంచె పెట్టలేను. నువ్వు కూడా ఆ బిళ్ళని నల్లకాగితంలోంచి తీయకు.

వచ్చే నెల పదో తారీకున వస్తున్నాను. నీ చెయ్యి డాక్టరుకి చూపిద్దాం. కాళ్ళు రావడం లేదని చెప్పకు, ఆ ఎత్తులన్నీ నాకు తెలుసు. నన్ను తిట్టింది చాలు, ఇక నా వంతు.

నిన్న లిఫ్టులాయన వచ్చాడు. ఈసారి ఏ గడియారమూ తేలేదు, ఊరికే వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకోవాలనుకున్నాను, డ్రాయర్లోంచి తీశాను కూడా. మళ్ళీ లోపల పెట్టేశాను. ఆయన నా మొహంలోకి చూశాడు. అందరిలాగా గోడమీది గడియారాల వైపు తిరుగుతాడని కాచుకుని కూర్చున్నాను. తిరగలేదు. చాలాసేపు చూసి, "మీ కళ్ళు రెండూ ఒక రంగు కాదేమిటండీ" అన్నాడు.

"కుడిది నాదండీ, ఎడమది మా అమ్మది" అన్నాను.

నీ ముల్లు